రాజు బూట్లు

దగ్గరకు జరిగి కూర్చోండి, టాంపినీస్ అనే పేటకు వెళ్ళే రైల్లో విన్నది చెబుతాను. నా పక్క సీటులో ఒక పెద్దావిడ సినిమా టికెట్టు చించుతూ, "పాడు సినిమా" అని తెలుగులో గొణిగింది.

"బాగోలేదా అమ్మా?" అన్నాను.

"అది నేనిచ్చిన కథే తల్లీ!" అంది.

ఆవిడ పుట్టింది మలేషియాలోనట. అక్కడ రాజును ఎగతాళి చేసే నాటకానికి తెర వెనక మాటలందించేదట. సర్కారు నాటకాన్ని నిషేధించి కాగితాలన్నీ పట్టుకుపోతే, అది ఆవిడ నోట్లోనే మిగిలింది. ఆ దేశంవాళ్ళూ ఈ దేశంవాళ్ళూ కలిసి దాన్ని సినిమా తీస్తామని వస్తే, నమ్మి మొత్తం అప్పజెప్పింది.

"రాజును మంచోణ్ణి చేశారు తల్లీ! వెక్కిరింతంతా బూట్లు తుడిచేవాడి మీదకు తిప్పారు. హాల్లో ఉన్నది తొమ్మిది మందే. అందరూ వాణ్ణి చూసే నవ్వారు."

"మరి మీరు?"

"ముందు నాకూ నవ్వొచ్చింది," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దిగేముందు నా చెయ్యి పట్టుకుని, నాటకంలో బూట్లు తుడిచేవాడి అసలు మాట నాతో రెండుసార్లు అనిపించింది: "రాజా, బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఇక వంగి మీ ముఖం చూసుకోండి."

మీరు నమ్మి చెప్పిన మాట ఎవరి నోటా వంకరపోకూడదు, మీ ఇల్లు చల్లగా ఉండాలి.