మూడు దళాల్లోనూ ఒకటే జీతమంటే మామ నమ్మడే!

హౌస్ సర్జన్సీ కాగానే మిలిటరీ డాక్టరుగా చేరతానని ఇంట్లో చెప్పాను. అంతే, ఈ రోజు పొద్దున్నే బంగారుపాళ్యం నుంచి మామ ఒక చేతిలో మామిడిపండ్ల సంచి, ఇంకో చేతిలో సెల్లుతో తిరుపతిలోని మా ఇంట్లో దిగాడు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సుల్లో జీతం ఎందులో ఎక్కువో తేల్చాలట!

“డాక్టర్లకు మూడింట్లోనూ ఒగటే జీతం మామా,” అని మూడోసారి చెప్పాను.

“అదెట్ల పాపా? ఆకాశంలో పొయ్యేవాళ్లకూ నేలమీద నడిచేవాళ్లకూ ఒగటే ఇస్తారా?”

“నేనేమీ విమానం తోలను మామా, జ్వరాలు చూస్తాను.”

ఆయన ముఖం వెలిగింది. “అట్లయితే ఎయిర్‌ఫోర్సులోనే చేరు. రేణిగుంట ఎయిర్‌పోర్టు పక్కనే ఉండాది కదా, దినామూ ఇంటినుంచే పొయ్యి రావచ్చు!”

అక్కడ దిగేవి ప్రయాణికుల విమానాలని నేను చెప్పేలోపే నాయన రేణిగుంట బస్సులు ఎన్నింటికున్నాయో చెప్పడం మొదలుపెట్టాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇక్కడ మిలిటరీ డాక్టర్లెవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి. అసలు ఎందుకు పోతానంటున్నావని మీ ఇంట్లోనైనా ఎవరన్నా అడిగారా? మా ఇంట్లో ఇంకా అడగలేదు.