చప్పట్లు రాని కుంటినడక

తెనాలిలో మా వీధి చివరి పార్కులో ఈమధ్య రోజూ పొద్దున్నే పదిమంది చేరి, చేతులు పైకెత్తి, ఊరికే నవ్వుతున్నారు. నవ్వితే ఒంటికి మంచిదట. మా కోడలు నన్నూ తీసుకెళ్ళి వాళ్ళ మధ్య నిలబెట్టింది. ఎవరికీ ఏమీ కాకుండానే అంతమంది నవ్వడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నాకు తెలిసిన నవ్వుకు ఎవరో ఒకరు పడాలి. మా ఇంట్లో పడేది అమ్మ.

మనవరాలి పక్కన కూర్చుని ఈ వయసులో అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి నేనీ నాలుగు ముక్కలైనా రాయగలుగుతున్నాను. అమ్మకు అదీ లేదు, వేషం మాటలన్నీ చెవులతోనే పట్టేది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పౌరాణిక నాటకం మధ్యలో రాజుగారు బట్టలు మార్చుకునేలోపు జనం లేచిపోకుండా ఒక మొగుడూ పెళ్ళామూ వచ్చి కాసేపు నవ్వించి వెళ్ళేవారు. మా జట్టులో ఆ మొగుడు నాన్న, ఆ పెళ్ళాం అమ్మ. ఆమె నెత్తిన బిందెతో వయ్యారంగా రావడం, నాన్న కాలు అడ్డం పెట్టడం, ఆమె బోర్లాపడి లేచి ఆయన్ని దులిపెయ్యడం, అంతే. ఆ కాసేపటి కోసమే మమ్మల్ని పిలిచే ఊళ్ళున్నాయి.

రేపల్లెలో ఒకసారి వేదిక బల్లలు సరిగా కలపలేదు. పడ్డప్పుడు అమ్మ ఎడమకాలు సందులోకి దిగిపోయింది. ఆమె పెట్టిన కేక నిజంది. ఆ కేకకు జనం పొట్టలు పట్టుకుని, "వన్స్ మోర్!" అని అరిచారు. పద్యానికి వన్స్ మోర్ పడితే మళ్ళీ పాడాలి, పాడకపోతే ఆ ఊరిని చిన్నబుచ్చినట్టు. పడడానికి వన్స్ మోర్ రావడం మాత్రం అదే మొదలు. హార్మోనియం పక్కన కూర్చున్న నాకు అమ్మానాన్నల గుసగుసలు వినబడ్డాయి.

"లేవవే, వన్స్ మోర్ అంటున్నారు."

"కాలు పోయిందండి."

"పోతే పోయింది. బిందె ఎత్తుకో."

ఆమె బిందె ఎత్తుకుని వచ్చి మళ్ళీ పడింది. తెర వెనక్కి మోసుకొచ్చాక నన్ను అడిగిన మొదటి మాట, వెనక వరసలవాళ్ళు కూడా నవ్వారా అని.

భట్టిప్రోలులో కట్టు కట్టించారు కానీ ఎముక వంకరగానే అతుక్కుంది. కొన్ని నెలలకు బాపట్లలో అమ్మ మళ్ళీ వేషం కట్టి, ఆ కాలు ఈడ్చుకుంటూనే వేదిక మీదికి వచ్చింది. ముందు వరసలో ఒకావిడ "అయ్యో పాపం" అంది. నాన్న కాలు అడ్డం పెట్టగానే నవ్వుకు బదులు తిట్లు లేచాయి. "సిగ్గులేదటయ్యా, కుంటిదాన్ని పడేస్తావా!" అమ్మ మూతి తిప్పింది, కళ్ళు తేలేసింది, తనకు తెలిసిన విద్యలన్నీ చేసింది. చేసినకొద్దీ ఆడవాళ్ళు జాలితో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నిజంగా దెబ్బ తగిలినరోజు ఆ ఊళ్ళో అంతగా నవ్వారు, ఆ దెబ్బ మానకుండా నిలిచిపోయాక ఈ ఊళ్ళో ఎందుకు నవ్వలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. తెర వెనక నాన్న మొహం కడుక్కుంటూ, "పాపం అనిపించుకున్నాక ఇంకేం వేషమే నీకు" అన్నాడు. అమ్మ తలకు పెట్టుకున్న పూలు తీసి పిన్నికి ఇచ్చింది.

పిన్ని అమ్మకు సొంత చెల్లెలు, చక్కటి మనిషి. అమ్మ వేషంలో చక్కటి మనిషి పడితే ఎవరూ నవ్వలేదు. ఇక మమ్మల్ని పిలవడం మానేస్తారని నాన్న భయపడుతున్న రోజుల్లో, చెరుకుపల్లిలో పిన్నికి ఏం తోచిందో, అచ్చం అమ్మలా కుంటుకుంటూ వేదిక ఎక్కింది. పందిరి ఎగిరిపోయినట్టు నవ్వారు. "ఏంటమ్మా ఆ నడక!" అంటూ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తెర పక్కన నిలబడి చూస్తున్న అమ్మ మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

పిన్ని లోపలికి వచ్చి, అక్క ఏమంటుందోనని గుడ్డల పెట్టె దగ్గరే ఆగిపోయింది. "ఎడంకాలు అంత తొందరగా ఎత్తకే," అంది అమ్మ. "కాస్త ఈడ్చు. నొప్పి మొహంలోకి రానీకు. నువ్వు బాగానే నడుస్తున్నాననుకుని నడువు."

"నువ్వోసారి నడిచి చూపించక్కా."

అమ్మ లేచి పెట్టెల మధ్య ఆ కొంచెం చోటులోనే అటూ ఇటూ నడిచి చూపించింది. ముందు పిన్ని నవ్వింది, తరవాత నాన్న, ఆ తరవాత హార్మోనియం ఆయన. వాళ్ళు నవ్వుతున్నారని చూసి అమ్మ ఇంకో రెండుసార్లు తిరిగింది. బాపట్లలో అంతమంది ఇవ్వనిది ఆ ముగ్గురూ ఇచ్చారు.

ఆ నడకతో పిన్ని చాలా ఏళ్ళు బతికింది, మమ్మల్నందరినీ బతికించింది. నాటకం ఒప్పుకున్న ప్రతిసారీ అమ్మ ఆమెను తన ముందు నడిపించుకుని ఆ నడక దిద్దేది. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు, మధ్యలో మొగుడూ పెళ్ళాం వచ్చే నాటకాలూ లేవు. కాలు బాగాలేనివాళ్ళను చూసి నవ్వకూడదని పిల్లలకు బళ్ళో చెబుతున్నారు. మంచి మాటే, నేనూ మనవరాలికి అదే చెబుతాను. చెబుతున్నప్పుడల్లా అమ్మ పక్కనే కూర్చుని వింటున్నట్టు ఉంటుంది. నా వైపు ఒకసారి చూసి, "అందరూ అలా జాలిపడితే మనం ఏం తినాలే?" అని అడుగుతున్నట్టు ఉంటుంది.