కడిగేసిన చెన్నయ్య ముఖం

బడి ముఖం చూడకుండానే చదువు నేర్చుకున్నవాణ్ణి. బొమ్మలు వేయడమూ నాకెవరూ నేర్పలేదు. డెబ్బై దాటాక ఒకరోజు మనవరాలి రంగుల డబ్బా ముందేసుకుని మొదలుపెడితే ఆ పిచ్చి ఇక వదల్లేదు.

మార్కాపురం పలకల గనిలో నా పక్కన కూర్చుని రాయి చీల్చిన చెన్నయ్య పోయి నలభై ఏళ్లయింది. ఒక్క ఫొటో కూడా లేదు. అప్పటికి పసిపిల్ల అయిన కూతురు ఈశ్వరమ్మకు తండ్రి ముఖమే తెలియదు. నాకు మాత్రం కనుబొమ మీది మచ్చతో సహా గుర్తుంది. నెల రోజులు కుస్తీ పట్టి ఒక పెద్ద పలక మీద నీళ్ల రంగులతో ఆ ముఖం దించాను. చూసుకుంటే నాకే ఒళ్లు జలదరించింది. వచ్చి తీసుకుపొమ్మని తర్లుపాడులో ఉన్న ఈశ్వరమ్మకు కబురు పెట్టాను.

ఆమె వచ్చి కూర్చున్నాక లోపలికి వెళ్లి చూస్తే పలక గోడకు ఆనించి ఉంది. నల్లగా, నున్నగా, తడితడిగా!

"ఏందే ఇది?" అని అరిచాను.

మా ఆవిడ ఫ్యాక్టరీలో పాతికేళ్లు పలకలు కడిగిన మనిషి. "దుమ్ము పట్టిందని కడిగినానయ్యా. మనిషొస్తుంటే మురికి పలక చూపిస్తామా? నీ రంగు ఇంత చేతకానిదని నాకేం తెలుసు?" అంది.

ఈశ్వరమ్మ ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూసింది. "పోనీలే పెదనాయనా, నోటితోనే చెప్పు. మా నాయన ఎట్లుండేవాడు?" అంది. "ఇక్కడ మచ్చ ఉండేది" అని నా కనుబొమ చూపించడం తప్ప నాకింకేం చేతకాలేదు.

ఆ తర్వాత ఆయిల్ రంగులతో మూడుసార్లు వేశాను. ఒక్కదాంట్లోనూ చెన్నయ్య రాలేదు. మూడోది చూసి మా ఆవిడ, "దీన్ని నేను కడిగినా పాపం లేదులే" అంది. ఆ మాట నిజమైనందుకే నా కోపమంతా.