క్లెమ్ హార్డ్‌విక్ నిదానం

క్లెమ్ హార్డ్‌విక్‌కి ఉన్న జబ్బు ఒక్కటే, ఎదురుచూడటం. ఎవరి కోసమని అడిగితే చెప్పడు. ఎంతసేపని అడిగితే అదీ చెప్పడు. టాస్మేనియాలో ఒక రేవు ఊళ్ళో పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఈయన చేతిలో ఇంజన్లు ఎలా బాగుపడ్డాయో నాకు అంతుపట్టేది కాదు. బోల్టు దానంతటదే బిగుసుకుంటుందేమోనని చూస్తూ కూర్చునే రకం.

ఆయన్ని నేను కళ్ళారా చూడలేదు. మా పరిచయమంతా కంప్యూటర్లో, లాంతరు రేవు అనే ఊళ్ళో. అది ఉత్తుత్తి ఊరు, ఎవరికి నచ్చిన వేషం వాళ్ళు వేసుకుని తిరగొచ్చు. క్లెమ్ అక్కడ కోటు తొడుక్కున్న పెలికన్ పక్షి. నేను పాతికేళ్ళ ఎర్రజుట్టు పిల్లని. నా అసలు వయసు నన్నడక్కండి, నా మోకాళ్ళనడిగితే చెబుతాయి.

నేనుండేది ఆస్ట్రేలియా ఎడారిలో, నలార్‌బోర్ మైదానంలో, లారీల దారి పక్కన. పెట్రోలు పోస్తాను, మాంసం కూరిన రొట్టెల్లాంటి పైలు వేడిచేసి పెడతాను. పొరుగిల్లు తొంభై ఆరు కిలోమీటర్ల దూరం. మా ఆయన రస్ పోయి ఆరేళ్ళు. మధ్యాహ్నం మూడింటికి ఆ దారి మీద ఈగ కూడా కదలదు. అప్పుడు టెలిఫోను తీగ ఊడబీకి కంప్యూటర్‌కి తగిలించి లాంతరు రేవుకి పోయేదాన్ని. ఆ ఒక్క గంటా లేకపోతే నాకు పిచ్చెక్కేది. ఇందులో దాపరికమేం లేదు.

అక్కడ క్లెమ్ కనిపెట్టిన పెంకులాట ఆడేవాళ్ళం. బల్ల చుట్టూ ఆరేడుగురం, ఎవరి ముందు వాళ్ళ ఇంటికప్పు. క్లెమ్ ఒక పెంకు చూపిస్తాడు. అందరం అదే పెంకుని ఎవరి కప్పు మీద వాళ్ళు ఇమిడ్చి పెట్టుకోవాలి. అందరూ పెట్టాకే రెండో పెంకు. కప్పు ముందుగా నిండినవాళ్ళు ‘వాన రానీ’ అనాలి. అంతే ఆట. చిన్నపిల్లలు కూడా ఆడేస్తారు, పెద్దాళ్ళు కూర్చుంటే లేవరు.

నేను రెప్పపాటులో పెట్టేసేదాన్ని. ఆ తర్వాత ఆట కదలదు. పెలికన్ పక్షి గోడబొమ్మలా నిలబడి ఉంటుంది. ఎవరి కోసం ఆగావయ్యా అని గదమాయిస్తే, తనకి తొందర పనికిరాదనీ, అది పుట్టుకతో వచ్చిన గుణమనీ చెప్పేవాడు. ఆ గుణానికి బోలెడు సాక్ష్యాలు. టీ చల్లారే దాకా ఆగుతాడట, చల్లారిపోయిందని మళ్ళీ కాస్తాడట, మళ్ళీ ఆగుతాడట. దారిలో పచ్చదీపం వెలిగితే అది నిజంగానే వెలిగిందో లేదోనని ఇంకోసారి వెలిగే దాకా చూస్తాడట. పెళ్ళిలో పాదరీ ‘ఈమెని స్వీకరిస్తావా’ అని అడిగితే ఎంతసేపు ఆలోచించాడంటే, వాద్యం వాయించేవాడు పాట మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాడట. నవ్వీ నవ్వీ నేను పైలు మాడ్చుకున్న రోజులున్నాయి.

ఇలా ఉండగా, బ్రిస్బేన్‌లో చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్లకి ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి పెంకులాటని అడిగింది. మేమంతా గంతులేశాం. తర్వాత క్లెమ్ అసలు సంగతి చెప్పాడు. మిషన్‌లోకి వెళ్ళాక లాంతరు రేవులో ఉచితంగా నడిచే బల్ల మూసెయ్యాలట. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. బల్ల ఉండాల్సిందే, లేకపోతే ఆట ఇవ్వనని క్లెమ్ మొండికేశాడు.

సంగతేమిటో చూసి పోదామని టాంసిన్ అనే కంపెనీ అమ్మాయి నక్క వేషంలో వచ్చి మా బల్ల దగ్గర కూర్చుంది. మూడు పెంకులయ్యాయో లేదో నిలదీసింది. “ఆట మధ్యలో ఇలా ఆగిపోతోందేంటండీ? పెంకుకి నిమిషం పడితే మా మిషన్‌లో దీన్నెవరు ఆడతారు?”

నోరు ఊరుకోదు కదా, నేనందుకున్నాను. “అదేనమ్మా, రెండేళ్ళుగా నేనూ అడుగుతోంది.”

క్లెమ్ తొణకలేదు. “తప్పు నాదే తల్లీ. నా చెయ్యి నిదానం. ఆటకేం దోషం లేదు.”

నక్క వెళ్ళిపోయింది. నెలన్నర దాకా కబురు లేదు. ఈయన నిదానం ఆయన ఆటనే ముంచిందని నేను రోజూ దెప్పుతూనే ఉన్నాను. చివరికి కంపెనీ ఒప్పుకుంది. మిషన్‌లో మాత్రం పెంకుకి పది సెకన్లే, బల్ల జోలికి రాము అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి ఏడాది వారానికోసారి వచ్చే టపా లారీలో క్లెమ్ నాకో మిషన్ పంపాడు, లోపల పెంకులాట. అరచేతిలో పట్టేంత ఉంది. కౌంటరు దగ్గర కూర్చుని మొదలెట్టాను. పెంకు పెట్టగానే ఇంకో పెంకు. ఆగేవాడు లేడు, కబుర్లు చెప్పేవాడూ లేడు. వరసగా పదకొండు ఆటలు గెలిచాను. ‘వాన రానీ’ అని పైల పొయ్యికి చెప్పుకున్నాను. అంత ఒంటరిగా నేనెప్పుడూ గెలవలేదు.

అప్పుడు తట్టింది. పది సెకన్లు నాకు ఎక్కువే. ఇంత చురుకైన ఆట కనిపెట్టినవాడు నిదానస్తుడెలా అవుతాడు, ఎవరినో వెనకేసుకొస్తున్నాడు. మరి బల్ల దగ్గర ఆ నిదానస్తులెవరు? మా బల్ల దగ్గర ఆడేవాళ్ళలో, బాలరట్‌లో బడిపంతులమ్మగా చేసిన మొయిరా మీద నాకు మొదటినుంచీ అనుమానం. వెంటనే ఫోను చేసి, ఇన్నాళ్ళూ మమ్మల్ని కూర్చోబెట్టింది నువ్వే కదూ అని ఆటపట్టించాను.

మొయిరా అసలు సంగతి బయటపెట్టింది. “నీకు చెప్పకూడదని ఒట్టేయించుకున్నాడే నెరిడా. ఆ నిదానం నీ టెలిఫోను తీగది. నువ్వు పెట్టిన పెంకు మాకు అరనిమిషానికి గానీ కనపడదు. మొదటి వారంలోనే ఎవడో ‘ఆవిణ్ణి వదిలేసి ఆడదాం’ అన్నాడు. క్లెమ్ వాణ్ణి బల్ల మీంచి లేపేశాడు.”

“మరి ఆ టీ, ఆ పచ్చదీపం?”

“అన్నీ కోతలు. మొన్న వాళ్ళింటికెళ్ళాను కదా, పొగలు కక్కే టీ ఒక్క గుక్కలో పోసుకున్నాడు. బండి తోలే జోరుకి పోలీసులు లైసెన్సు లాగేసుకున్నారు. పెళ్ళిలో పాదరీ నోరు తెరవకముందే ‘సరే’ అన్నాడట, వాళ్ళావిడే చెప్పింది. నీ పెంకు వచ్చే దాకా గదిలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటాడే.”

ఫోను పెట్టేశాను. సిగ్గేసింది. నక్క ముందు నేను అన్న మాట గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. ఆ తర్వాత, నా కోసం అన్ని అబద్ధాలు కూర్చుకున్న మనిషి ఒకడున్నాడని తలుచుకుంటే కడుపు నిండిపోయింది.

మూడయ్యింది. తీగ తగిలించి వెళ్ళాను. క్లెమ్ మొదటి పెంకు చూపించాడు, పెట్టేశాను. ఆట ఆగింది. కృతజ్ఞతలు టైపు చేద్దామని మనసు లాగింది. చెబితే ఆ ముసలాడు రేపటినుంచి ఏ మొహం పెట్టుకుని అబద్ధాలాడతాడు? అందుకే మామూలుకన్నా ఇంకాస్త గట్టిగా తిట్టాను. “ఏమయ్యా, నిద్రపోయావా? నీకన్నా నత్తలు నయం.”

ఆ తిట్టు వాళ్ళకి చేరడానికి అరనిమిషం పడుతుంది. వాళ్ళ నవ్వు నా దాకా రావడానికి ఇంకో అరనిమిషం. చేతులు కట్టుకుని కూర్చున్నాను, నాకేం తొందర లేదు.