జూలైలో పూయాల్సిన మల్లె

ఇంటి ముందు తోటకి మొక్కలు ఎంచడానికి మామా నన్ను వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్లింది. మామా అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు. ఇక్కడ గల్ఫ్‌లో, ఫుజైరాలో ఇళ్లల్లో పనిచేసే మేమంతా అలాగే పిలుస్తాం. కరోనా కాస్త తగ్గి, మనుషులు మళ్లీ బజారు మొహం చూస్తున్న రోజులు. ఆవిడ కాగితం పూల మొక్కల వైపు నడిచింది. నేను గుండుమల్లె కుండీల దగ్గరే ఆగిపోయాను.

నా గొడవ వేరు. నా కూతురికి నేను ఒక్కసారి కూడా పూలజడ వేయలేదు. గోదావరి జిల్లాలో మా వైపు ఎండాకాలం వస్తే చాలు, ఆడపిల్ల జడ నిండా మల్లెమొగ్గలు కుట్టి, వెనక అద్దం పెట్టి ఫోటో తీయిస్తారు. నా కూతుర్ని మా అక్క దగ్గర వదిలి వచ్చినప్పుడు దాని జుట్టు మెడ దాటలేదు. నాకు సెలవిచ్చేది రెండేళ్లకోసారి, అదీ మామా వాళ్లు చల్లటి దేశాలకి వెళ్లే జూలైలోనే. అప్పటికి మా ఊళ్లో మల్లెలు అయిపోతాయి. అందుకే, ఈసారి ఇక్కణ్ణించే పూలు తెస్తానని ఫోన్లో మాటిచ్చేశాను.

"జూలైలో పూసేది ఏది భాయ్?" అని నర్సరీ అతన్ని హిందీలో అడిగాను. అతను గన్నేరు చూపించాడు. గన్నేరు ఎవరిక్కావాలి! పొడుగ్గా ఎదిగిన మల్లెల్ని వదిలేసి, మొదట్లోంచే కొమ్మలు చీలి గుబురుగా ఉన్నదాన్ని పట్టుకున్నాను.

"లా, లా. వద్దు. ఇది ఎండకి చచ్చిపోతుంది" అంది మామా.

"నీళ్లు నేను పోస్తాను మామా. పూచీ నాది."

ఆవిడ నవ్వి, కాగితం పూలు గేటు దగ్గరికి, మల్లె వంటింటి వెనక కుళాయి దగ్గరికి అంది. నాకు అంతకంటే ఏం కావాలి?

కానీ చేతులకి ఊరి అలవాటు పోదు కదా. చలి వెనకబడుతుండగా, మొగ్గ తొడగడానికి మా ఊళ్లో చేసినట్టే నీళ్లు మాన్పించి, ఆకంతా దూసేశాను. మొక్క మార్చిలోనే విరగబూసింది. జూలైకి ఉత్త ఆకులే మిగిలాయి. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ ఏడు వట్టి చేతులతో వెళ్లి, నడుము దాకా వచ్చిన కూతురి జడ దువ్వి, రిబ్బను కట్టి వచ్చాను. తిరుగు ప్రయాణం పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

మళ్లీ సెలవు వచ్చే ఏడు చలికాలమంతా చేతులు కట్టేసుకున్నాను. మే నెలలో, మండే ఎండలో ఆకు దూశాను. మామా చూసి "ఖలాస్! చంపేశావు" అని తల పట్టుకుంది. అది చావలేదు. జూలై వచ్చేసరికి కొమ్మకొమ్మకీ మొగ్గే. రోజూ సాయంత్రం కోసి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో దాచాను. విమానంలో ఆ డబ్బా ఒళ్లోంచి దించలేదు.

నా కూతురు తలమీద చున్నీతో గుమ్మంలోకొచ్చింది. వీడియో కాల్‌లో కూడా కొన్నాళ్లుగా చున్నీతోనే కనిపిస్తోంది. పెద్దదైంది, బుద్ధిగా ఉంటోంది అనుకుని మురిసిపోయాను. చున్నీ తీసింది. జుట్టు మెడ దాకానే ఉంది.

"కాలేజీ హాస్టల్లో కత్తిరించమన్నారమ్మా. దువ్వుకుంటూ కూచుంటే చదువెప్పుడని."

నాకు ఒళ్లు మండిపోయి అక్క మీద పడ్డాను. "నాకో మాట చెప్పాలా వద్దా?"

"నీ కూతురే చెప్పొద్దందే. అక్కడ కూచుని ఏడుస్తావంట."

ఈలోగా నా కూతురు పెట్టెలోంచి పాత చీరముక్క తెచ్చి నా ముందు విప్పింది. అందులో దాని జడ ఉంది. రెండు కొసలకీ ఎర్ర రిబ్బను ముడులు.

"ఒక్క వెంట్రుక కూడా పారేయనివ్వలేదమ్మా. కుట్టు. సవరంలా కట్టుకుని ఫోటో దిగుతాను."

జడని ఒళ్లో పరుచుకుని, సూదిలో దారం ఎక్కించి, పైనుంచి మొగ్గలు కుట్టుకుంటూ వచ్చాను. నేను చివరిసారి దువ్విన నడుము కొలత దాటాక ఇంకో జానెడు ఉంది. ఆ జానెడు నేను లేకుండా పెరిగింది. అక్కడ మాత్రం సందు లేకుండా, దగ్గరదగ్గరగా కుట్టాను.