జనగామ పరిచయ సభలో వార్నిష్ వాసన

పొద్దున ఆరూ పదికి మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, ప్యాసింజర్ ఎక్కాను. జనగామకు టికెట్ ఐదు రూపాయలు. సంచిలో కొత్తగా అచ్చు వేయించిన వంద విజిటింగ్ కార్డులు. కాలిన మోటార్లకు మళ్ళీ రాగి తీగ చుట్టే దుకాణం నాది. జనగామలో వ్యాపారుల పరిచయ సభ అంటే ఇరవై రూపాయల చందా ముందే కట్టాను.

సరదాకు కాదు. నర్సింహులపేట రాములు మోటారు నాలుగు రోజులుగా నా దుకాణంలో విప్పి పడి ఉంది, చుట్టడానికి తీగ లేదు. అతని యాసంగి వరి పొట్ట మీద ఉంది. రేపటికల్లా నీళ్ళు పెట్టకపోతే తాలు తప్ప గింజ రాదు. వరంగల్ దుకాణంవాళ్ళు తెలిసినవాళ్ళకే తీగ ఇస్తారు. ఆ దుకాణాలకు సరుకు పంపే టోకు వ్యాపారే ఈ సభకు అధ్యక్షుడు. ఆయనతో పరిచయమైతే చాలనుకున్నాను.

కేసముద్రంలో ఎక్కిన ఒక ముసలాయన నా ప్రయాణం సంగతి అడిగి నోరు తెరిచాడు. "పరిచయానికి చందానా? మా ఊర్ల చుట్టకు నిప్పడిగితే ఐపాయె పరిచయం!"

కాజీపేటలో ఎక్స్‌ప్రెస్ కోసం అరగంట ఆపారు. చాయ్ అర్ధరూపాయి, వట్టి వేడినీళ్ళు. పదింటికి జనగామలో దిగి, స్టేషన్ బయట రూపాయిన్నర పెట్టి ఇడ్లీ తిని, నడుచుకుంటూ సభకు వెళ్ళాను.

ముందు వరుసలో మిల్లు యజమానులకు సోఫాలు, మాకు వెనక బెంచీలు. కార్డు ఇస్తే తీసుకునేవాడు దాన్ని చూడడు, నా చెప్పులు చూస్తాడు. ఒకాయన తన కార్డు నాకే రెండుసార్లు ఇచ్చాడు! దండలు వేసేవాళ్ళ వరుసలో నిలబడి అధ్యక్షుడి దగ్గరికి చేరాను.

"సార్, మానుకోటల వైండింగ్ దుకాణం నాది. తీగ కోసం..."

"చూద్దాం, చూద్దాం" అంటూ కార్డు జేబులో వేసుకున్నాడు. చూపు మాత్రం నా వెనక నిలబడ్డ మిల్లాయన మీదే ఉంది.

పన్నెండున్నరకు ఆయన ఉపన్యాసం. "పరిచయమే అసలైన పెట్టుబడి" అంటున్నాడు, అందరూ చప్పట్లు. అంతలో కిటికీలోంచి వాసన వచ్చింది, మోటారు తీగ మీది వార్నిష్ కాలుతున్న వాసన. మా పనివాళ్ళకు అది నిద్రలో తగిలినా మెలకువ వస్తుంది. చటుక్కున లేచాను. అంతమందిలో నాతోపాటు లేచింది ఒక్కరే, చివరి బెంచీలో కూర్చున్న ఒక ఆడమనిషి.

"మధ్యలో లేవకండి, మర్యాద కాదు!" మైకులో ఆయన గద్దించాడు.

మర్యాదట! బయటికి పరిగెత్తాం. వంటలకు నీళ్ళు తోడే మోటారు తిరగకుండా మూలుగుతోంది. నాకంటే ముందే ఆమె స్టార్టర్ మీద ఆపే ఎర్రబటన్ నొక్కేసింది.

"మూడిట్ల ఒక ఫేజు పోయిందన్నా. ఇంకో రెండు నిమిషాలైతే బొగ్గైతుండె."

పోయిన ఫ్యూజు నేను కట్టాను, ఆమె మోటారు ఒంటి మీద చెయ్యి పెట్టి చల్లారేదాకా ఆగి నడిపించింది. పేరు కొమురక్క. భర్త నేర్పిన పని, ఆయన పోయాక భూపాలపల్లిలో దుకాణం ఆమే నడుపుతోంది.

భోజనాల వేళ అధ్యక్షుడు ఆ నీళ్ళతోనే చేతులు కడుక్కుని, నన్ను చూపిస్తూ, "పాపం, ఆ మెకానిక్‌కు కూడా ఓ ఆకు వేయండి" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను చందా కట్టొచ్చిన సార్. నా కార్డు మీ జేబులనే ఉంది, జర తీసి సదువున్రి" అన్నాను. ఆయన నవ్వాడు. "తీగ కావాలంటే వరంగల్ దుకాణంలో అడుగు" అని వెళ్ళిపోయాడు. నాకు లేదు పొమ్మన్నది ఆ దుకాణమే కదా!

తినకుండా లేవబోతే కొమురక్క చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "కోపం ఆయన మీదుంటే కడుపేం జేసిందన్నా? మన చందా బువ్వనే గిది, తిను."

మూడూ నలభైకి తిరుగు బండి ఎక్కాం. ఆమె కాజీపేటలో దిగి, హనుమకొండలో భూపాలపల్లి బస్సు పట్టుకోవాలి. దారిలో రాములు మోటారు సంగతి చెప్పాను.

"తీగ ఏ గేజు?"

"పంతొమ్మిది."

సంచిలోంచి తీగ ఉండ తీసి నా ఒళ్ళో పెట్టింది. పొద్దునే ఆ వరంగల్ దుకాణంలోనే కొన్నదట. "వాళ్ళ బాయి మోటరు నేనే చుట్టిన, అందుకే ఇస్తరు. నా పనికి వారం టైముంది. నీకు దొరికినప్పుడు గంతే తీగ ఇయ్యి. ఈసారి పోతే భూపాలపల్లి అక్క పంపిందని చెప్పు."

అలవాటుగా కార్డు తీశాను.

"కార్డేం జేస్కుంట? నీ పేరు చెప్పు."

"యాదగిరి" అన్నాను. పొద్దుటి నుంచి నా పేరు అడిగింది ఆమె ఒక్కతే.

ఇలాంటి సభలకు వెళ్ళేవారు వెళ్ళండి, భోజనం బాగానే ఉంటుంది. కార్డుల ఖర్చు మాత్రం మిగుల్చుకోండి.

ఆరున్నరకు మానుకోటలో దిగేసరికి రాములు స్టేషన్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఉండ చూసి మొహం వెలిగిపోయింది. "పెద్దసారు ఇచ్చిండా అన్నా?"

"పెద్దసారు ఆకేసిండు. తీగ అక్క ఇచ్చింది. పా, చుట్టుడు షురూ చేద్దాం."