మంచం నంబరు

ఆవిడ అసలు పేరేమిటని అడిగితే ఆసుపత్రిలో సగం మంది బుర్ర గోక్కుంటారు. ఇస్త్రీ అక్క ఎక్కడ అంటే మాత్రం గేటు కాపలావాడు కూడా కింది అంతస్తు మెట్లవైపు వేలు చూపిస్తాడు. ఆవిరికి గోడలు చెమటలు పట్టే ఆ గదిలో ఆవిడ పంతొమ్మిదేళ్లు దుప్పట్లు ఇస్త్రీ చేసింది. పెళ్లయిన మూడో ఏడే మొగుడు పోయాడు. పిల్లలు లేరు. నాలుగక్షరాలు వచ్చాయంటే అది చర్చిలో ఆదివారం బడి పుణ్యమే.

ఆ గదిలో ఒక పద్ధతుంది. మడత పెట్టిన దుప్పట్ల మీద చిన్న చీటీ గుచ్చాలి, దాని మీద మంచం నంబరు రాయాలి. ఓసారి పదకొండో మంచం ముసలాయన రాత్రింబవళ్లు ఏడుస్తున్నాడని ఎవరో అంటే, ఆ చీటీ మీద నంబరు కింద రెండు ముక్కలు రాసింది: "తాతా, నువ్వు ఒంటరివి కావు. దేవుడు నీ మంచం పక్కనే కూర్చున్నాడు." మర్నాటి నుంచి ముసలాయన దుప్పటి కోసం ఎదురుచూసేవాడు. అలా మొదలైంది. అంతటితో ఆగలేదు, ఎవరి బాధ తెలిస్తే వాళ్లకి రాసేది.

"డాక్టర్లు రాసిన చీటీ ఒక్కడికీ అర్థం కాదు, అక్కా. నీ చీటీలు మాత్రం తలగడ కింద దాచుకుంటున్నారు" అని నర్సమ్మ నవ్వేది.

ఇరవై మూడో మంచంలో ఒక అవ్వ ఉండేది. ఇక లాభం లేదని డాక్టర్లే చేతులెత్తేశారు. అయినా అవ్వ మాత్రల కోసం గొడవ చేసేది, మింగి కక్కుకునేది. ఆవిడకి ఇస్త్రీ అక్క రాసింది: "అమ్మా, ఇక మందులతో పోరాడకు. వాటిని పక్కన పెట్టి దేవుడి చెయ్యి పట్టుకో." మూడో రోజు అవ్వ ఆ చీటీ గుప్పిట్లో పెట్టుకునే కన్ను మూసింది.

ఈ చీటీలన్నీ పోగు చేసి పాస్టరుగారు పుస్తకం వేయించారు. అచ్చుకిచ్చే ముందు అడిగారు: "పైన ఈ నంబర్లేమిటమ్మా? ప్రార్థన పుస్తకంలా లేదు, వార్డు రిజిస్టరులా ఉంది."

"తీసెయ్యండి అయ్యగారూ" అని ఆవిడ నవ్వేసింది.

ఆ నవ్వే కొంప ముంచింది.

పుస్తకం ఇంటింటికీ పాకింది. బస్టాండు వెనక దర్జీ కొట్లో బొత్తాలు కుట్టే పిల్లకీ ఒకటి దొరికింది. ఆ పిల్లకి టీబీ. ఆరు నెలల మాత్రల్లో నాలుగు నెలలవి అయ్యాయి, దగ్గు తగ్గింది, మొహం తేటపడింది. పుస్తకంలో ఆ అవ్వకి రాసిన మాట చదివింది. తనకే రాశారనుకుంది. దర్జీ సుద్దతో దాని కింద నీలంగా గీత గీసి, మాత్రలు అటక మీద పడేసింది. మూడు నెలలు తిరక్కుండా నోటి నిండా నెత్తురుతో ఆసుపత్రికి తెచ్చారు. ఇస్త్రీ అక్క మడత పెట్టిన దుప్పటి మీదే ప్రాణం పోయింది. పిల్ల సంచిలో పుస్తకం చూసిన నర్సమ్మ, తల్లికి ఇచ్చేముందు ఆ పేజీ కింది గదికి తెచ్చి అక్కకి చూపించింది. ఈసారి నవ్వలేదు.

"మనసు పాడు చేసుకోకమ్మా, నీ ఉద్దేశం దేవుడికి తెలుసు" అన్నారు పాస్టరుగారు.

"దేవుడికి తెలిసి ఏం లాభమండీ? ఆ పిల్లకి తెలియలేదు కదా!"

ఆ సాయంత్రం నుంచి డ్యూటీ దిగగానే పెన్ను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి పుస్తకంలోనూ ఆ పేజీ తీసి పైన రాసేది: "మంచం 23. చనిపోతున్న అవ్వకి మాత్రమే." ఒకాయన ఎదురొచ్చి, "సంతకం పెట్టడానికొచ్చావా అక్కా? పెద్దదానివైపోయావే!" అని వేళాకోళమాడాడు. ఇంకొకావిడ పుస్తకం పాడు చేశావని తిట్టిపోసింది. అక్క రాసేసి, తరవాతి గుమ్మం ఎక్కేది.

బొత్తాల పిల్ల ఇంటికి మాత్రం కాళ్లు రాలేదు. దాన్ని ఆఖరికి పెట్టుకుంది. వెళ్లేసరికి తల్లి కిటికీ పక్క మంచం మీద కూర్చుని దగ్గుతోంది. ఆవిడకీ టీబీ సోకిందని ఆసుపత్రివాళ్లు పరీక్ష చేసి ఇచ్చిన మాత్రల పెట్టె గూట్లో సీలు తియ్యకుండా ఉంది. పుస్తకం ఒళ్లో ఉంది.

"నువ్వేనా రాసింది?"

"నేనే, వదినా."

"వరసలు కలపకు. నా బిడ్డ గీత గీసింది దీని మీద. ఇప్పుడు దీని మీద నీ చెయ్యి పడితే విరిచేస్తా."

"పుస్తకం ముట్టుకోను. మాత్ర వేసుకో."

"నా పిల్ల పక్కన పెట్టింది. నేనూ పెడతా. మీ దేవుడి చెయ్యి ఎక్కడుందో చూస్తా."

ఇస్త్రీ అక్క సంచిలోంచి దుప్పటి చీటీ తీసి, గోడకానించి రాసింది: "కిటికీ పక్క మంచం. ఒక్క నీకే. మాత్ర వేసుకో. రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను." గూట్లో పెట్టి వెళ్లిపోయింది.

పొద్దున్నే వచ్చింది. తల్లి తలుపు మొహాన వేసింది. రెండో రోజూ అంతే. ఐదో రోజు తలుపు తెరిచే ఉంది. అక్క మాత్ర చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, మింగేదాకా నిలబడింది. తల్లి కళ్లతోనే కాల్చేస్తూ మింగింది. మాటా మంతీ లేదు. ఆరు నెలలు, ఎండైనా వానైనా, డ్యూటీకి ముందు ఇదే పని. ఈలోగా పాస్టరుగారు రెండో అచ్చు అంటే, నంబర్లు లేకుండా ఒప్పుకోనంది. కొత్త చీటీ అడిగినవాళ్లకి నోటితో చెప్పింది తప్ప, నంబరు కింద ఒక్క ముక్కా రాయలేదు.

ఆఖరి రోజున తల్లి ఖాళీ మాత్రల అట్ట అక్క చేతిలో పెట్టింది. ఆరు నెలల్లో మొదటిసారి నోరు విప్పింది.

"అయిపోయాయి. ఇక రాకు."

అక్క తలూపింది. గడప దిగుతూ గూట్లోకి చూసింది. చీటీ అక్కడే ఉంది, దాని మీద మడత కూడా పడలేదు. పక్కనే పుస్తకం, నీలం గీత ఉన్న పేజీ దగ్గరే తెరిచి ఉంది.